నీ రక్తపిశాచికి హద్దులు గియ్యి

తమ్ముడూ,

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. నెత్తురు ఏరులై పారింది, మొదటి అధ్యాయం అయ్యేసరికే ఊరు సగం ఖాళీ. కానీ పోయినవాళ్లలో ఒక్కరి కోసమూ నా మనసు కలుక్కుమనలేదు, నీ పిశాచిని చూసి భయమూ వేయలేదు. వాడు ఏదైనా చేయగలడు. చిక్కంతా అక్కడే ఉంది.

'జోజోస్ బిజార్ అడ్వెంచర్' అంటే ప్రాణమని రాశావు కాబట్టి దాన్నే ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. హిరోహికో అరాకి 1987లో 'వీక్లీ షోనెన్ జంప్'లో మొదలుపెట్టిన ఆ మాంగాలోంచి, అంటే జపాన్ బొమ్మల కథలోంచి, నువ్వు కండలు, పోజులు, తెగిపడే చేతులు తెచ్చుకున్నావు. వాటి వెనకున్న లెక్కను వదిలేశావు.

మొదటి భాగంలో విలన్ డియో, పెట్టుకున్నవాణ్ణి రక్తపిశాచిగా మార్చే ఆ రాతి ముసుగును ముందుగా ఒక తాగుబోతు మీద ప్రయోగించే చోటు మళ్లీ తెరిచి చూడు. నెత్తురు తగలగానే ముసుగులోంచి ముళ్లు పొడుచుకొచ్చి తలలోకి దిగుతాయి. చచ్చాడనుకున్న మనిషి లేచి డియో మీదే పడతాడు. డియో పని అయిపోయిందనుకునేలోగా తెల్లవారి, ఎండ తగిలి ఆ తాగుబోతు పొడిపొడిగా రాలిపోతాడు. ముసుగు ఏమిస్తుందో, ఏం లాక్కుంటుందో ఆ ఒక్క సంఘటనతో తెలిసిపోయింది. తర్వాత డియో దాన్ని తన మొహానికే పెట్టుకున్నప్పుడు, ఇక జన్మలో ఎండ మొహం చూడలేనని తెలిసే ఆ పనికి దిగాడని మనకు అర్థమవుతుంది. నాకు వాడంటే భయం వేసింది అందుకే.

నిజానికి ఇంకా ముందే వేసింది. డియో కుర్రాడిగా జోస్టార్‌ల ఇంటికొచ్చి బండి దిగగానే, ఎదురొచ్చిన కుక్కను తంతాడు. కొన్నాళ్లకు దాని నోరు కట్టేసి, పెట్టెలో పెట్టి, చెత్త కాల్చే కొలిమిలో ఉంచుతాడు. సంగతి తెలియని పనివాడు నిప్పు పెడతాడు. డియోకి అప్పటికి ఏ శక్తీ లేదు, ఒట్టి మనిషే. నీ కథలో అంతమంది చావుల కన్నా ఆ ఒక్క కుక్క చావు బరువెందుకో కూర్చుని ఆలోచించు. అది ఆ ఇంటి కొడుకు, కథానాయకుడు జోనాథన్ కుక్క. దాని మీద వాడికెంత ప్రేమో ముందే చూశాం.

ఇక శక్తుల సంగతి. 1989లో మొదలైన మూడో భాగంలో అరాకి 'స్టాండ్'లు తెచ్చాడు, అంటే మనిషి ఆత్మశక్తి రూపం దాల్చి అతని తరఫున పోరాడే ఆకారాలు. మనిషికి ఒకటే స్టాండ్. దానికి దెబ్బ తగిలితే మనిషికీ తగులుతుంది. స్టాండ్ లేనివాడి కంటికి అది కనబడదు. ఇండియాలో జరిగే పోరాటం గుర్తుందా? హ్యాంగ్డ్ మ్యాన్ అనే స్టాండ్ ప్రతిబింబాల్లోనే తిరుగుతుంది. అద్దంలోకి, నీళ్లలోకి, చివరికి మనుషుల కళ్లలోకీ దూరుతుంది. చుట్టూ బిచ్చగాళ్లు మూగారు, ఇన్ని కళ్లలో ఎక్కడని వెతుకుతావు? హీరో జట్టులోని కాక్యోయిన్ ఒక నాణెం గాల్లోకి ఎగరేస్తాడు. అందరి చూపూ దాని మీదికే పోతుంది. శత్రువు ఎక్కడికి దూకాలో తేలిపోయింది, ఆ దారిలో అదే జట్టులోని పోల్నారెఫ్ కత్తి కాచుకుని ఉంది. కొత్త శక్తి ఒక్కటీ రాలేదు, ఉన్న షరతును పట్టుకునే గెలిచారు.

ఇది జపాన్ నుంచే నేర్చుకోవాలనేమీ లేదు. జవాబు తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగులుతుంది, చెబితే మౌనం చెడి భేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడు. అన్ని కథలనూ నడిపింది ఆ ఒక్క షరతే.

అరాకి చేసినదంతా గొప్పని నేననను. మూడో భాగంలో తిరిగొచ్చిన డియో తన స్టాండ్ తో కాలాన్ని మొదట 5 సెకన్లే ఆపగలగడం, ఆ లెక్క 9 దాకా పెరగడం ఊపిరాడనివ్వదు. కానీ ఆఖరి పోరాటంలో ఆ భాగం హీరో జోతారోకీ అదే శక్తి రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నీ రెండో అధ్యాయంలో మీ హీరో చావబోతూ ఉన్నట్టుండి నిప్పులు కక్కడం అంతకన్నా అన్యాయం. అది తీసెయ్.

తిరగరాసేటప్పుడు నీ పిశాచి చేయలేని పనేదో ముందు తేల్చుకో, అది మొదటి అధ్యాయంలోనే ఎవరో ఒకరికి తెలిసొచ్చేలా రాయి. చచ్చేవాళ్లలో ఆ టీకొట్టు ముసలాయన్ని మాత్రం ఉంచు, మిగతావాళ్లను బతకనివ్వు. ఆయన రోజూ పొద్దున్నే కొట్టు ముందు నీళ్లు చల్లుకుంటాడని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. అక్కడ ఇంకో పేజీ రాయి. దీపావళి లోపు పంపితే సెలవుల్లో తీరిగ్గా చదువుతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య