మొదటి పాట వీడియో తీయబోతున్న హారికకు

చిరంజీవి హారికకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన పాట రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. బాగుంది. రెండో చరణంలో నీ గొంతు కాస్త వణికిన చోటుందే, దాన్ని మళ్లీ రికార్డు చెయ్యకు. అలాగే ఉండనీ.

పాటతో పాటు పంపిన షూటింగ్ ప్లాన్ కూడా చదివాను. తలకోన జలపాతం, హార్స్‌లీ హిల్స్, చంద్రగిరి కోట, డ్రోను, మూడు చీరలు, ఒక బుల్లెట్టు బండి. అన్నీ నాలుగు నిమిషాల్లోనే! పాటేమో ఉద్యోగం కోసం మొదటిసారి చెన్నై బస్సెక్కిన అమ్మాయిది. ఆ పిల్లకి తలకోనలో ఏం పని? హైదరాబాద్ టీము లక్షన్నర అడిగిందని అక్క చెప్పింది. వాళ్లకి ఇంకా అడ్వాన్సు ఇవ్వకపోతే ఇవ్వొద్దు.

పాట వీడియోకి ముందు కావాల్సింది ఒక్క ఆలోచన. ఎవరైనా ఫోన్ చేసి "ఏం తీస్తున్నావు?" అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఇంకా ఆలోచన దొరకలేదని అర్థం. ఆ లోటు కనిపించకుండా ఉండాలనే లొకేషన్లు పెంచుతాం, చీరలు మారుస్తాం.

నేను చెబుతున్నది వీడియోలు చూసిన అనుభవంతోనే. తిరుపతికి కేబుల్ టీవీ వచ్చినప్పటి నుంచి పగలు పెళ్లి క్యాసెట్లు మిక్సింగ్ చెయ్యడం, రాత్రి పాటల ఛానెళ్లు చూడడం నా దినచర్య. పంజాబీ పాప్ గాయకుడు దలేర్ మెహందీ పాటలు హిట్టయ్యేది పక్కన ఆడే అందమైన అమ్మాయిల వల్లేనని అప్పట్లో ఒక మాట ఉండేది. 1998లో ఆయన 'తునక్ తునక్ తున్' వీడియోలో అమ్మాయిలనే తీసేశాడు. నాలుగు రంగుల బట్టల్లో నలుగురు దలేర్లు, అంతే. వెనకాల కొండలు, ఆకాశం అన్నీ కంప్యూటర్లో అతికించినవే. అతుకులు తెలుస్తూనే ఉంటాయి. అయినా ఇవాళ పెట్టినా కూర్చుని చూస్తాం. ఒక్క ముక్కలో చెప్పమంటే "అంతా నేనే".

2011లో 'కొలవెరి డి' వచ్చింది. రికార్డింగ్ స్టూడియోలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాడుతున్న ధనుష్, చుట్టూ నలుగురు, మైకు. సెట్టు లేదు, డ్యాన్సర్లు లేరు. దేశమంతా పాడింది. పదేళ్లకి మన మోహన భోగరాజు పాడిన 'బుల్లెట్టు బండి' వచ్చింది. అది చక్కగా తీసిన పాటే గానీ, ఊరూరా పాకింది మాత్రం మంచిర్యాలలో ఒక పెళ్లికూతురు బరాత్‌లో వరుడి ముందు ఆడిన ఫోన్ వీడియో వల్ల. ఆ వీడియోలో లైటింగ్ ఎలా ఉందో ఎవరూ అడగలేదు.

నీ పాటకి దగ్గరగా వచ్చేది మాత్రం ఐర్లాండ్ గాయని షినేడ్ ఓకానర్ వీడియో. 1990లో వచ్చిన 'నథింగ్ కంపేర్స్ టు యు'. పాటలో చాలా భాగం ఆమె ముఖమే. గుండు, నల్లటి బట్టలు, నేరుగా కెమెరాలోకి చూపు. ఆఖర్న రెండు కన్నీటి చుక్కలు జారతాయి. ముందు అనుకున్నవి కావవి, చనిపోయిన అమ్మ గుర్తొచ్చిందని తర్వాత ఆమే చెప్పింది. ఒకసారి సౌండు ఆపేసి చూడు. సౌండు లేకుండా కూడా కళ్లు తిప్పుకోలేకపోతే అది మంచి వీడియో. నా పరీక్ష ఇదొక్కటే.

అందుకని నా సలహా విను. బస్సు కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి, వెనక్కి పోతున్న ఊరు. నాలుగు నిమిషాలూ అదే. కట్ లేకుండా ఒకే షాట్.

నిజం బస్సులో కుదరదు. టెంపో ట్రావెలర్ మాట్లాడుకో. తిరుపతి నుంచి రేణిగుంట వైపు వెళ్తున్నప్పుడు ఎడమ కిటికీ పక్కన కూర్చో. శేషాచలం కొండలు ఆ వైపే ఉంటాయి. సాయంత్రం అయితే ఎండ వెనక నుంచి వస్తుంది, కొండ మీద పసుపు పడుతుంది. పొద్దున పెట్టుకుంటే ఎదురెండ, డ్రైవరు విసుక్కుంటాడు. ఒక సంగతి గుర్తుంచుకో. టేకు చెడితే బండి తిప్పుకుని వస్తూ తీసేద్దాం అంటే కుదరదు. తిరిగొచ్చేటప్పుడు కొండలు కుడి వైపుకి పోతాయి. ప్రతి టేకుకీ మళ్లీ మొదటికి రావాలి. అందుకే సాయంత్రానికి మూడు టేకుల కంటే ఎక్కువ ఆశించకు. నాలుగోసారికి వెలుతురు ఉండదు.

ఇంకో కిటుకు ఉంది, దీనికి డబ్బు ఖర్చు లేదు. కోల్డ్‌ప్లే అనే ఇంగ్లండ్ బ్యాండ్ వాళ్ల 'యెల్లో' వీడియో చూడు, 2000లో వచ్చింది. గాయకుడు ఒక్కడే సముద్రం ఒడ్డున నడుస్తూ పాడతాడు, ఒకే షాట్. పెదవులు పాటతో సరిగ్గా కలుస్తాయి, అలలు, జుట్టు మాత్రం నెమ్మదిగా కదులుతుంటాయి. సెకనుకి 50 ఫ్రేముల్లో, అంటే 50 బొమ్మల చొప్పున తీస్తూ, పాటని రెట్టింపు వేగంతో వినిపించారు. తర్వాత 25 ఫ్రేముల వేగంతో ఆడిస్తే పాట మామూలుగా ఉంటుంది, లోకం సగం వేగానికి దిగుతుంది. నీ ఫోన్లో 60 ఫ్రేములు పెట్టి తీసి, ఎడిటింగ్‌లో 30 ఫ్రేముల టైమ్‌లైన్‌లో వేసుకో. అదే లెక్క. తీసేటప్పుడు నీ పాట రెట్టింపు వేగంతో రెండు నిమిషాల్లో అయిపోతుంది, బండి నలభైలో వెళ్తే ఇరవైలో వెళ్తున్నట్టు కనిపిస్తుంది. చెట్లు, టీ బంకులు, కొండ, అన్నీ వెళ్లలేక వెళ్తున్నట్టు ఉంటాయి. నీ పాటకి ఇంతకన్నా ఏం కావాలి?

కాకపోతే రెట్టింపు వేగంలో పాడడం నవ్వులాట కాదు. ఎలుక గొంతులా వినిపిస్తుంది, నోరు తిరగదు, నవ్వొస్తుంది. వారం పాటు ఇంట్లో అద్దం ముందు కూర్చుని సాధన చెయ్యి. మాట కోసం పెదవి త్వరగా కదలాలి, కళ్లు మాత్రం తొందరపడకూడదు. రెప్ప టకటకా కొడితే స్లోలో నిద్రమత్తులా వస్తుంది. 'హియర్ ఇట్ గోస్ అగైన్' అని ఓకే గో అనే బ్యాండ్ 2006లో చేసింది, ఎనిమిది ట్రెడ్‌మిల్స్ మీద ఒకే షాట్‌లో డ్యాన్సు. దానికి గ్రామీ అవార్డు వచ్చింది. అక్కడ కనిపించేది కెమెరా పనితనం కాదు, రిహార్సలు.

చిన్న జాగ్రత్తలు. కిటికీ అద్దం తెరిచి పెట్టు, లేకపోతే కెమెరా పట్టుకున్నవాడే అందులో కనిపిస్తాడు. తెరిస్తే గాలికి జుట్టు ముఖం మీద పడుతుంది, పడనీ. ఎక్స్‌పోజర్ లాక్ చెయ్యి, అంటే వెలుతురు కొలత దానంతట అది మారకుండా ఆపు, లేదంటే ప్రతి చెట్టు నీడకీ నీ ముఖం నల్లబడి తెల్లబడుతుంది. కెమెరాలో సౌండు ఆపకు. అది ఎంత గోలగా ఉన్నా మిక్సింగ్‌లో పాటని పెదవులతో కలపడానికి అదే ఆధారం. పాట మొదలయ్యే ముందు నాలుగు 'టిక్' శబ్దాలు కలిపి పెట్టుకో.

అనుమతుల మాట. కొండ మీద, గుడి పరిసరాల్లో రీల్స్ తీయొద్దని టీటీడీ మొత్తుకుంటూనే ఉంది, ఆ వైపు ఆలోచనే వద్దు. డ్రోను సంగతి మర్చిపో. తలకోన ఫారెస్టు వాళ్లది, చంద్రగిరి కోట పురావస్తు శాఖది, రెండిటికీ కాగితాలు కావాలి. ఫ్యాట్‌బాయ్ స్లిమ్ అనే ఆయన 'ప్రెయిజ్ యు' పాటకి అమెరికాలో ఒక సినిమా హాలు బయట పర్మిషన్ లేకుండా వీడియో తీస్తే, మధ్యలో హాలు మనిషి వచ్చి టేప్‌రికార్డర్ ఆపేస్తాడు. దాన్ని కూడా వీడియోలో ఉంచేశారు, 1999లో అవార్డులూ కొట్టేశారు. అలిపిరి సెక్యూరిటీ దగ్గర ఆ సరదా నడవదు తల్లీ.

ఎఫెక్టుల జోలికి వెళ్లకు. పెళ్లికూతుర్ని తామరపువ్వులోంచి పైకి లేపినవాణ్ణి, గుండె బొమ్మలో ఇద్దరి ముఖాలూ గిర్రున తిప్పినవాణ్ణి చెబుతున్నాను. ఆ క్యాసెట్లు డిజిటల్ చేయించుకోవడానికి జనం ఇప్పటికీ వస్తుంటారు. తామరపువ్వు రాగానే ఫార్వర్డ్ కొట్టమంటారు. తాళి కట్టేటప్పుడు పక్కన నిలబడ్డ నాన్న ముఖం దగ్గర ఆపమంటారు.

చివరగా డబ్బు వ్యవహారం. పాట రాసిన అబ్బాయి, ట్యూన్ కట్టిన అమ్మాయి నీ స్నేహితులే కావచ్చు, అయినా ఎవరి వాటా ఎంతో ముందే కాగితం మీద రాసుకోండి. బీట్ ఎక్కడినుంచో డౌన్‌లోడ్ చేసుంటే దాని లైసెన్సు చూపించమను. లేదంటే యూట్యూబ్‌లో పెట్టిన రోజే అది మాదంటూ కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది, వచ్చే రూపాయి ఎవరికో పోతుంది.

నాకు తెలిసిన ట్రావెలర్ డ్రైవరు ఒకాయన ఉన్నాడు, నలభై దాటకుండా నడిపే ఓపిక ఉన్నవాడు. శని, ఆదివారాలు వద్దు, యాత్రికుల బళ్లతో ఆ రోడ్డు కదలదు. మంగళవారమో బుధవారమో చూసుకుని నాలుగింటికల్లా బస్టాండు దగ్గరికి రా. కెమెరా పట్టుకునేవాణ్ణి నల్ల చొక్కా వేసుకుని రమ్మను. అక్కని మాత్రం బండిలో ఎక్కించుకోకు, నిన్ను చూసి ఏడుపు మొదలుపెడితే ఆ సౌండు మీద పాట కలపడం నా వల్ల కాదు.

ఇట్లు,
మీ మామయ్య