వైరల్ జ్వరం తగ్గినా ఒళ్లునొప్పులు, నీరసం పోవడం లేదు. మందులు లేకుండా ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో వాపు, మంట) తగ్గించుకోవచ్చా?

కొంతవరకు తగ్గించుకోవచ్చు. అయితే ఇన్‌ఫ్లమేషన్ మన శత్రువేమీ కాదు. వైరస్‌ను ఎదుర్కొనేందుకు రోగనిరోధక కణాలు సైటోకైన్లనే రసాయనాలను విడుదల చేస్తాయి. ఒళ్లునొప్పులు, మగత చాలావరకు వాటి పనే. వైరస్ తగ్గాక కూడా ఆ మంట చల్లారడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం నిద్ర. అది చాలకపోతే ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సైటోకైన్లు పెరుగుతాయి. పెద్దలకు మామూలు రోజుల్లోనే కనీసం 7 గంటలు కావాలి, జబ్బుపడినప్పుడు ఇంకా ఎక్కువ పడుకున్నా తప్పులేదు.

చాలామంది పొరబడేది వ్యాయామం దగ్గర. ‘చెమట పడితే అదే పోతుంది’ అని జ్వరంతోనే పరుగెత్తుతారు. వైరస్ వల్ల గుండె కండరానికి వాపు వచ్చి ఉంటే అలా పరుగెత్తడం ప్రమాదం. జ్వరం పూర్తిగా తగ్గాక పది నిమిషాలు నడవండి. మర్నాడు నీరసం పెరగకపోతేనే మరో రెండు నిమిషాలు కలపండి. పెరిగిందా, వెనక్కి తగ్గండి.

మూత్రం లేత పసుపు రంగులో ఉండేలా నీళ్లు తాగండి. పొగ, మద్యం మానండి. ‘ఇమ్యూనిటీ’ పొడుల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు.

ఆయాసం, ఛాతీనొప్పి, అయోమయం ఉంటే మాత్రం ఇవేవీ చాలవు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. డాక్టరు రాసిన మందులు సొంతంగా ఆపవద్దు.