ఆగిపోయిన సీజన్‌లో అడుగున ఉన్న జట్టును కింది డివిజన్‌కి పంపడం న్యాయమేనా?

ప్రశ్న ఇది: "కరోనా వల్ల 2020లో చాలా ఫుట్‌బాల్ లీగ్‌లు మధ్యలోనే ఆగిపోయాయి కదా, అప్పుడు టేబుల్‌లో అడుగున ఉన్న జట్లను రెలిగేట్ చేయడం కరెక్టేనా? అభిమానులు ఎందుకంత గొడవ చేశారు?"

కరెక్ట్ కాదు. ప్రమోషన్ ఇవ్వొచ్చు, కప్పు కూడా ఇవ్వొచ్చు. కానీ మ్యాచులు మిగిలుండగా ఏ జట్టునీ కిందికి తోసేయకూడదు. ఇన్నేళ్లయినా ఈ విషయంలో నా అభిప్రాయం రవ్వంత కూడా మారలేదు.

అప్పుడు నేను ఎడిన్‌బరాలో మాస్టర్స్ చేస్తున్నాను. ఉండేది గోర్గీ అనే పేటలో. హార్ట్స్ క్లబ్ గ్రౌండ్ టైన్‌కాజిల్ మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరం. పక్కనే విస్కీ డిస్టిలరీ ఉంది, గాలి ఇటు తిరిగితే వీధంతా ఉడికిన ధాన్యం వాసన. ఆ స్టేడియంలో స్టాండ్స్ నిటారుగా, పిచ్‌కి బాగా దగ్గరగా ఉంటాయి. డిఫెండర్ గోల్‌కీపర్ మీద అరిచేది కూడా మనకి వినిపిస్తుంది. అక్కడికొచ్చే మన కుర్రాళ్లలో ఎక్కువమంది టీవీలో మాంచెస్టర్, లివర్‌పూల్ చూస్తారే తప్ప ఇంటి పక్కనున్న గ్రౌండ్‌లో అడుగు పెట్టరు. "హార్ట్సా? అదేం టీమ్?" అని అడిగేవాళ్లు. 1874లో పుట్టిన క్లబ్బు అది. నాకు ఇప్పటికీ ఆ ప్రశ్న వింటే ఒళ్లు మండుతుంది.

ఆ సీజన్‌లో, స్కాట్లాండ్ పై డివిజన్ అయిన ప్రీమియర్‌షిప్‌లో, హార్ట్స్ బాగా ఆడలేదు, అది దాచాల్సిన పని లేదు. 30 మ్యాచుల్లో గెలిచింది నాలుగే. లీగ్ ఆగేసరికి 23 పాయింట్లతో 12వ స్థానంలో, అంటే అట్టడుగున ఉన్నారు. పైన హామిల్టన్‌కి 27. ఇంకా ఎనిమిది మ్యాచులున్నాయి, అంటే 24 పాయింట్లు. తేడా నాలుగు. గ్లాస్గోలో ఉండే నా ఫ్రెండ్ ఒకడు, విజయవాడ వాడు, అక్కడి సెల్టిక్ క్లబ్ అభిమాని. ఫోన్ చేసిన ప్రతిసారీ ఒకటే మాట: "మామా, 30లో నాలుగు గెలిచి ఇంకా న్యాయం అంటావేంట్రా?" నేను చెప్పేది కూడా ఒకటే. ఫిబ్రవరి 29న ఇదే జట్టు స్కాటిష్ కప్‌లో గ్లాస్గో పెద్ద క్లబ్బు రేంజర్స్‌ని కొట్టింది. మార్చి 3న ఎడిన్‌బరాలోనే ఉన్న ప్రత్యర్థి హిబ్స్ గ్రౌండ్‌కే వెళ్లి 3-1తో డర్బీ గెలిచింది. మార్చి 11న సెయింట్ మిరెన్ చేతిలో ఓడింది. రెండ్రోజులకి లీగ్ ఆగిపోయింది. ఇలా ఒక వారం లేచి, ఒక వారం పడే జట్టు మిగతా ఎనిమిది మ్యాచుల్లో ఏం చేస్తుందో ఎవరు చెప్పగలరు?

మా బిల్డింగ్‌లో కింద ఇంట్లో ఒక పెద్దాయన ఉండేవారు. చిన్నప్పటి నుంచీ హార్ట్స్ మనిషి, సీజన్ టికెట్ ఉంది, ఆటోమేటిక్‌గా బ్యాంకు నుంచి నెలనెలా ఫౌండేషన్ ఆఫ్ హార్ట్స్‌కి డబ్బు పోతుంది. 2013లో క్లబ్ దివాలా అంచుకి వెళ్లినప్పుడు అభిమానులు చందాలు పోగేసి బతికించుకున్న సంస్థ అది, వేలమంది సభ్యులు. లాక్‌డౌన్‌లో ఉద్యోగాలు పోతున్నా చాలామంది ఆ చందా ఆపలేదు. ఏప్రిల్ 10, గుడ్ ఫ్రైడే సాయంత్రం ఆయన వెనకాల పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు, నేను పై అంతస్తు కిటికీ దగ్గర. ఆ రోజు అయిదు గంటల్లోపు 42 క్లబ్బులూ ఓటు పంపాలని లీగ్ చెప్పింది. సీజన్ ముగించడానికి ఒప్పుకుంటారా లేదా అని.

ఆయన చేతిలో గ్యాస్ బిల్లు కవరు ఉంది. దాని వెనక పెన్సిల్‌తో మిగిలిన మ్యాచులు రాసుకున్నారు. మొదటి మూడింటి కింద ఒక గీత, ఆ గీత కింద అయిదు ఖాళీ వరసలు. ఆ గీత ఏంటని అడిగాను. "స్ప్లిట్" అన్నారు. స్కాట్లాండ్‌లో 33 మ్యాచులయ్యాక లీగ్ రెండుగా చీలుతుంది. పై ఆరు జట్లు పైవాళ్లతో, కింది ఆరు కిందివాళ్లతో ఆడతాయి. అంటే హార్ట్స్‌కి మిగిలిన ఎనిమిదిలో అయిదు, తన పక్కనే కొట్టుకుంటున్న జట్ల మీదే. హామిల్టన్‌ని నేరుగా ఓడిస్తే మూడు పాయింట్లు మనకొస్తాయి, వాళ్లకి ఏమీ రావు. "సీజన్ అంతా ఈ అయిదింటి కోసమే ఉంటుంది, వాటినే కొట్టేశారు" అన్నారాయన. స్థానాలు తేల్చడానికి లీగ్ వాడిన, మ్యాచ్‌కి సగటు పాయింట్ల లెక్కలో ఈ ముక్క ఎక్కడా కనిపించదు. 23ని 30తో భాగిస్తే 0.77, 27ని 30తో భాగిస్తే 0.90, పని అయిపోయింది, మీరు కిందికి. కాలిక్యులేటర్ ఎవరితో ఆడాల్సి ఉందో అడగదు కదా.

అయిదు దాటింది. రేడియోలో ఒక వింత వార్త. ప్రీమియర్‌షిప్‌లో, కింది రెండు డివిజన్లలో కావాల్సినన్ని ఓట్లు వచ్చాయి. మధ్యలో ఉన్న రెండో డివిజన్ చాంపియన్‌షిప్‌లో పదింటికి ఎనిమిది కావాలి, ఏడే ఉన్నాయి. డండీ క్లబ్ ఓటు తేలలేదు. తర్వాత బయటపడింది ఏంటంటే, డండీ వాళ్లు "వద్దు" అని పంపిన మెయిల్ లీగ్ మెయిల్ సిస్టమ్‌లో ఎక్కడో ఇరుక్కుపోయింది. అది చేరేలోపు మనసు మార్చుకుంటున్నామన్నారు. అయిదు రోజులు దేశం మొత్తం ఒక్క క్లబ్ వైపు చూస్తూ కూర్చుంది. ఏప్రిల్ 15న డండీ "సరే" అంది. కింది డివిజన్లు ఆ రోజే ముగిశాయి, ప్రీమియర్‌షిప్‌ని మే 18న మూసేశారు. ఓటింగ్ మీద డెలాయిట్‌తో విచారణ చేయించారు, తప్పేమీ జరగలేదని తేల్చారు. జరగకపోయి ఉండొచ్చు. నా బాధ అది కాదు. పై డివిజన్‌లో ఎవరు ఉండాలో నిర్ణయించే కాగితం మీద, వేరే జట్టు పోతే ఎవరికి లాభమో వాళ్లే సంతకం పెట్టడం ఏ ఊరి న్యాయం? చదువుకున్న వాళ్లు నడిపే లీగ్‌లో ఇది నడిచింది.

డండీ "సరే" అన్న ఆ బుధవారం పెద్దాయన మెట్ల దగ్గర కనబడ్డారు. మాస్కు కిందికి లాగి, రెండు మీటర్ల దూరంలో నిలబడి గట్టిగా చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది. "2014లో కూడా కిందికి పోయాం. అప్పుల వల్ల 15 పాయింట్లు కోశారు, అయినా 38 మ్యాచులూ ఆడి పోయాం. ఆ రోజు స్టేడియంలో నిలబడి చప్పట్లు కొట్టాను. ఇప్పుడు మమ్మల్ని ఓడించింది ఎవరు? పేరు చెప్పు." నేను ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను. అభిమానులు ఎందుకంత గొడవ చేశారని అడిగారు కదా, ఇందుకే. ఓడిపోవడం వాళ్లకి కొత్త కాదు. ఓడకుండానే ఓడిపోయారని రాయడమే మింగుడు పడలేదు.

ఇంకా ఘోరం పార్టిక్ థిస్టిల్‌ది. గ్లాస్గో క్లబ్బు, చాంపియన్‌షిప్‌లో అడుగున ఉంది. 27 మ్యాచుల్లో 26 పాయింట్లు. పైనున్న క్వీన్ ఆఫ్ ద సౌత్‌కి 28 మ్యాచుల్లో 28. అంటే పార్టిక్ ఒక మ్యాచ్ తక్కువ ఆడింది, అది గెలిస్తే పైకి వచ్చేస్తుంది. ఆ ఒక్క మ్యాచ్ కూడా ఆడనివ్వకుండా 0.96 కంటే 1.00 ఎక్కువ అని దించేశారు. ఇంగ్లండ్ మూడో డివిజన్‌లో ట్రాన్‌మియర్ రోవర్స్‌కి కూడా అచ్చం ఇలాగే. వింబుల్డన్ కంటే మూడు పాయింట్లు వెనక, చేతిలో ఒక మ్యాచ్ ఎక్కువ, వరసగా చివరి మూడు మ్యాచులు గెలిచి ఊపు మీద ఉన్నారు. దించేశారు. స్కాట్లాండ్‌లో ఇంకో విడ్డూరం చూడండి. 11వ స్థానం జట్టు మామూలుగా ప్లేఆఫ్ ఆడి నిలబడాలి. ప్లేఆఫ్‌లు రద్దు చేశారు కాబట్టి హామిల్టన్‌కి ఆ గండం కూడా తప్పింది. చాంపియన్‌షిప్‌లో రెండో స్థానంలో ఉన్న ఇన్వర్నెస్‌కి పైకి వచ్చే దారి మూసుకుపోయింది. 11వ జట్టుకి "కరోనా కదా, పోనీలే", 12వ జట్టుకి "రూల్ రూలే".

మనకి క్రికెట్ తెలుసు కాబట్టి ఇలా చూడండి. వన్డేకి వాన అడ్డొస్తే రెండో జట్టు కనీసం 20 ఓవర్లు ఆడందే ఫలితం ఉండదు. డక్‌వర్త్ లూయిస్ లెక్క మీద ఎన్ని తిట్లున్నా, అది టాస్‌కి ముందే ఉంటుంది, చేతిలో ఎన్ని వికెట్లున్నాయో కూడా చూస్తుంది. స్కాట్లాండ్ లీగ్‌లో సీజన్ ఆగిపోతే ఏం చేయాలన్న రూల్ ముందు లేదు. వాన పడ్డాక, స్కోర్లు చూసుకుని, కెప్టెన్లు ఓటేసి లెక్క తయారు చేశారు. దీన్ని మన గల్లీ క్రికెట్‌లో కూడా ఒప్పుకోరు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అసలు కీలకం అక్కడే ఉంది. స్కాట్లాండ్‌లో చిన్న క్లబ్బులు టికెట్ల డబ్బుతోనే బతుకుతాయి. గేట్లు మూతబడ్డాయి, జీతాలు కట్టాలి. లీగ్ ఇచ్చే ప్రైజ్ మనీ చివరి స్థానాన్ని బట్టి వస్తుంది కాబట్టి, సీజన్ ముగిసిందంటేనే పైసలు. నాలుగో డివిజన్ క్లబ్ చైర్మన్‌ని నేను తప్పు పట్టను, ఆయన తన కుర్రాళ్ల జీతాల కోసం ఓటేశాడు. కానీ డబ్బు పంచడం, జట్లను దించడం రెండూ ఒకే తీర్మానంలో ఎందుకు కట్టారు? విడివిడిగా పెట్టి ఉంటే హార్ట్స్‌ని దించడానికి అన్ని చేతులు లేచేవి కావని నాకు గట్టి నమ్మకం.

"దించకపోతే లీగ్‌లో జట్లు ఎక్కువైపోతాయి కదా" అంటారు. అయితే ఏం? బెల్జియంలో వాస్‌లాండ్ బెవెరెన్‌కి ఒక్క మ్యాచ్ మిగిలుంది, ముందు దించారు, తర్వాత వెనక్కి తీసుకుని లీగ్‌ని 18 జట్లకి పెంచారు. ఆకాశం ఊడి పడలేదు. నెదర్లాండ్స్‌లో ఎవర్నీ దించలేదు, అది మంచిదే, కానీ రెండో డివిజన్‌లో టాప్‌లో ఉన్న కాంబూర్‌ని పైకి కూడా తేలేదు, అది తప్పు. ఫ్రాన్స్‌లో అమియాన్, తులూజ్‌లని దించితే అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం జూన్ 9న ఆపింది. అంతలోనే క్లబ్బులు 20 జట్లే చాలని ఓటేసి మళ్లీ దించాయి. చూశారా, అక్కడా ఓటే. మన దేశంలో ఐ-లీగ్ ఫుట్‌బాల్ నాలుగు రౌండ్లు మిగిలుండగా ఆగింది. అప్పటికే ఎవరికీ అందనంత ముందున్న మోహన్ బగాన్‌కి కప్పు ఇచ్చారు, రెలిగేషన్ లేదన్నారు. మన ఫుట్‌బాల్ పెద్దల మీద నాకు వంద ఫిర్యాదులున్నాయి, 2022లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోతే పట్టించుకున్న నాథుడు లేడు. కానీ ఆ ఒక్క నిర్ణయం సరైనది.

ఇంకో విషయం చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఇంగ్లండ్‌లో మగవాళ్ల ప్రీమియర్ లీగ్‌ని జూన్‌లో మళ్లీ మొదలుపెట్టి చివరిదాకా ఆడించారు, లివర్‌పూల్ 30 ఏళ్లకి టైటిల్ గెలిచింది, హైదరాబాద్‌లో కూడా కేకులు కోశారు. అదే వేసవిలో లివర్‌పూల్ మహిళల జట్టును, ఎనిమిది మ్యాచులు మిగిలుండగా, పైనున్న బర్మింగ్‌హామ్ కంటే ఒకే ఒక్క పాయింట్ వెనక ఉండగా, సగటు లెక్కతో కిందికి పంపారు. మన లివర్‌పూల్ అభిమానుల్లో ఎంతమందికి తెలుసు ఇది? కరోనా టెస్టులు, బయో బబుల్ ఖర్చు మగవాళ్లకే పెట్టగలిగారా?

హార్ట్స్ కథకి వస్తే, లీగ్‌ని 14 జట్లకి పెంచుదామన్న ప్రతిపాదనకి 42 క్లబ్బుల్లో 16 మాత్రమే సరేనన్నాయి. హార్ట్స్, పార్టిక్ కలిసి కోర్టుకెళ్లాయి. జూలై 3న జడ్జి దాన్ని ఫుట్‌బాల్ సంఘం మధ్యవర్తులకి పంపారు, 27న వాళ్లు కొట్టేశారు. ఆగస్టు 1న కొత్త ప్రీమియర్‌షిప్ మొదలు. హార్ట్స్ లేదు. కింది డివిజన్ అక్టోబర్ దాకా మొదలే కాలేదు. మొదలైన రోజు ఖాళీ టైన్‌కాజిల్‌లో ప్రత్యర్థి ఎవరో తెలుసా? డండీ. 6-2. ఆ రాత్రి పెద్దాయన కింద నుంచి నా ఫ్లోర్‌కి వినిపించేలా అరిచారు. ఆ సీజన్‌లో హార్ట్స్ చాంపియన్‌షిప్ గెలిచి పైకి వచ్చింది, పార్టిక్ కూడా తన డివిజన్ గెలిచింది. "చూశావా, తిరిగొచ్చారుగా, గొడవ ఎందుకు?" అంటాడు గ్లాస్గో ఫ్రెండ్. తిరిగి రావడం వాళ్ల గొప్ప, పంపడం సరైందని దానికి అర్థం కాదు. ఆ ఏడాది టీవీ డబ్బు, హిబ్స్‌తో లీగ్ డర్బీలు, అన్నీ పోయాయి, వాటిని ఎవరూ తిరిగివ్వలేదు.

మీరు ఏ క్లబ్ అభిమాని అయినా సరే, మీ లీగ్ రూల్ బుక్ తీసి, సీజన్ ఆగిపోతే ఏం చేస్తారో రాసుందో లేదో చూడండి. ఎన్ని మ్యాచులయితే ఫలితం చెల్లుతుంది, ప్లేఆఫ్‌ల సంగతేంటి, లాభపడే క్లబ్బులు ఓటేయొచ్చా లేదా. లేకపోతే మీ అభిమానుల సంఘం తరఫున ఇప్పుడే, ఎవరు ఏ స్థానంలో ఉంటారో తెలియకముందే, లీగ్‌కి ఉత్తరం రాయండి.