ఊరికి వైరస్ ఎవరు తెచ్చారో జన్యుక్రమం చెప్పగలదా?

"మా ఊరికి కరోనా తెచ్చింది ఫలానా కుటుంబమేనని ఇప్పటికీ అంటున్నారు. జన్యు పరీక్షతో నిజం తేలుతుందా?" అని అడిగారు. కాదని తేల్చడం సాధ్యమే. అవునని తేల్చడం దాదాపు అసాధ్యం.

కరోనా కాలంలో నేను హైదరాబాద్‌లో జన్యుక్రమాలను చదివే ఒక సీక్వెన్సింగ్ ల్యాబ్‌లో పనిచేశాను. జిల్లాల నుంచి వచ్చిన నమూనాల్లో వైరస్ ఎక్కువగా ఉన్నవాటిని ఎంచుకుని, వైరస్ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, సుమారు 30 వేల అక్షరాల క్రమాన్ని చదివేవాళ్లం. తాళపత్ర గ్రంథానికి నకలు రాసేటప్పుడు ఒక లేఖకుడు చేసిన తప్పు, అతని ప్రతిని చూసి రాసిన ప్రతులన్నిటికీ పాకుతుంది. వైరస్ తన నకళ్లు తయారుచేసుకునేటప్పుడూ ఇలాంటి తప్పులు, అంటే మార్పులు, దొర్లుతాయి. దాని వంశవృక్షాన్ని కట్టేదీ ఇలాంటి ఉమ్మడి తప్పులను బట్టే. 2020లో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు మన దేశంలో ఎ3ఐ అనే శాఖను గుర్తించింది ఈ పద్ధతిలోనే.

అయితే కరోనా వైరస్‌లో నెలకు సుమారు రెండు మార్పులే నిలుస్తాయి. జబ్బు మాత్రం కొద్ది రోజుల్లోనే మరొకరికి అంటుకుంటుంది. అందుకే ఒకే ఇంట్లో వరసగా జబ్బుపడినవారి క్రమాలు తరచూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండేవి. ఎవరి నుంచి ఎవరికి సోకిందో వాటిలో కనిపించదు. ఇద్దరికీ మూడో మనిషి నుంచి సోకి ఉండవచ్చు కూడా. రెండు క్రమాలు వేర్వేరు శాఖలవైతే మాత్రం ఒకరి నుంచి మరొకరికి రాలేదని గట్టిగా చెప్పవచ్చు.

మార్పుల లెక్క ఎంత దూరం తీసుకెళ్తుందో గినీలో చూశాం. 2014-16లో పశ్చిమ ఆఫ్రికాలో 11 వేల మందికి పైగా బలిగొన్న ఎబోలా 2021లో అక్కడ మళ్లీ తలెత్తింది. జంతువుల నుంచి కొత్తగా వచ్చి ఉంటుందనే అనుమానం సహజం. క్రమం చదివితే అది పాత వైరస్సే. అన్నేళ్లూ మనుషుల మధ్య తిరుగుతూ ఉంటే వందకు పైగా మార్పులు కనిపించాలి. కనిపించినవి డజను దాకా మాత్రమే. కోలుకున్న ఒకరి శరీరంలో అది ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండి ఉంటుందని శాస్త్రవేత్తలు నిర్ధారణకు వచ్చారు. ఆ వార్త చదవగానే నా మనసు అప్పటికే సాటివారి వెలివేత భరిస్తున్న, ఎబోలా నుంచి కోలుకున్నవారి మీదికి పోయింది. ఇలాంటి ఫలితాన్ని ఎంత జాగ్రత్తగా ప్రకటించాలో!

మీ ఊరి సంగతికి వస్తే, అప్పటి నమూనాలు భద్రపరిచి ఉంటే తప్ప చేయగలిగింది లేదు. మాకు వచ్చిన ఎన్నో నమూనాల మీద జిల్లా పేరే ఉండేది, ఊరి పేరు ఉండేది కాదు. ఇప్పుడు ఎవరి రక్తం పరీక్షించినా అప్పుడు వైరస్ ఎక్కడి నుంచి సోకిందో తెలియదు. ఆ కుటుంబం మీద వేస్తున్న నిందకు ఆధారం లేదు. దయచేసి ఆ మాట మీ ఊళ్లో చెప్పండి.