నర్సరీ కాగితంలో శాస్త్రీయ నామం చూసి ఆయిల్‌పామ్ మొక్కలు కొనవచ్చా?

ప్రశ్న: మూడెకరాల్లో ఆయిల్‌పామ్ వేద్దామనుకుంటున్నాను. నర్సరీ కాగితంలో ‘ఎలైస్ గినియెన్సిస్’ అని ఉంది. మా బావమరిది తోటలోవి ‘టెనెరా’ అట. రెండూ వేరే జాతులా? ఆయన తోటలో రాలిన పండ్ల నుంచి లేచిన మొక్కలు ఊరికే ఇస్తానంటున్నాడు. నాటుకోవచ్చా?
– ఒక రైతు, ఏలూరు జిల్లా

జవాబు: రెండూ ఒకే జాతి అండీ. ఎలైస్ గినియెన్సిస్ అంటే మనం పెంచే ఆయిల్‌పామే. దీని పుట్టిల్లు పశ్చిమ, మధ్య ఆఫ్రికా వానాడవుల ప్రాంతం. 1763లో జాకిన్ అనే శాస్త్రవేత్త ఈ పేరు పెట్టారు. అమెరికా ఖండంలో పుట్టిన ఎలైస్ ఒలీఫెరా అనే జాతి వేరే ఉంది, దాని సంగతి మీకు అక్కర్లేదు.

డ్యూరా, పిసిఫెరా, టెనెరా అనేవి ఈ ఒక్క జాతిలోనే టెంకను బట్టి చెప్పే రకాలు. డ్యూరాకు టెంక మందం, గుజ్జు తక్కువ. పిసిఫెరాకు టెంకే ఉండదు, కానీ చాలా చెట్లలో గెలలు పిందె దశలోనే పాడైపోతాయి. డ్యూరా తల్లికి పిసిఫెరా పుప్పొడి పట్టిస్తే వచ్చేది టెనెరా. మీ బావమరిది తోటలో ఒక పండును అడ్డంగా కోసి చూడండి: నారింజ రంగు గుజ్జు, టెంక చుట్టూ నల్లని నార చుక్కల వలయం, పలుచని టెంక, మధ్యలో తెల్లని పప్పు. ఆ వలయమే టెనెరా గుర్తు.

ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు. టెనెరా పండులోని గింజ మొలిస్తే టెనెరాయే వస్తుందన్న నమ్మకం లేదు. టెనెరా తోటలో రాలిన గింజల్లో సగటున సగమే టెనెరా అవుతాయి. పావు వంతు డ్యూరా, పావు వంతు పిసిఫెరా. ఎకరాకు 57 చొప్పున మీరు నాటే 171 మొక్కల్లో 43 దాకా సరైన గెలలే ఇవ్వకపోవచ్చు. మొక్కను చూసి ఏది ఏదో చెప్పలేం. పండు కోసి చూస్తేనే తెలుస్తుంది, అప్పటికి మూడు నాలుగేళ్ల నీళ్లు, ఎరువులు, కూలి పోసి ఉంటారు. తోట చూస్తే పాతికేళ్ల పైన ఉండేది. దయచేసి ఆ మొక్కలు తీసుకోకండి.

నర్సరీలో ‘విత్తనం డ్యూరా, పిసిఫెరా సంకరమేనా, ఎక్కడి నుంచి వచ్చింది?’ అని అడిగి బిల్లు మీద రాయించుకోండి. ఉద్యానశాఖ గుర్తించిన నర్సరీలోనే, 12 నుంచి 14 నెలల వయసున్న మొక్కలు కొనండి. మొక్కలకు రాయితీ ఉంది, ముందే దరఖాస్తు పెట్టుకోండి. సందేహముంటే పెదవేగిలోని భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ మీ జిల్లాలోనే ఉంది, వెళ్లి అడగండి. మీ బావమరిదికి కూడా చెప్పండి, చెట్ల కింద లేచిన ఆ మొలకలు చెట్టు మొదలు చుట్టూ చేసిన పళ్లెంలో (పాదులో) వేసిన ఎరువు తినేస్తాయి, పీకేయాలి.