‘సూపర్’ అని రాసి ఊరుకోకు

చిరంజీవి అమ్మలుకి,

బాబాయి ఆశీస్సులు. నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ఫ్రెండ్స్ ఎనిమిది మంది కలిసి, ఈ మధ్య ఏ ఆల్బమ్ వింటున్నారో వారానికోసారి చెప్పుకుంటున్నారని తెలిసి చాలా సంతోషం వేసింది. కానీ నువ్వు మూడు వారాలుగా పెడుతున్నా ఒక్కరూ వినలేదని, ఒక హార్ట్ గుర్తు పెట్టేసి వెళ్లిపోతున్నారని బాధపడ్డావు. “బాబాయ్, మీ నలుగురు స్నేహితులూ ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నారు కదా, ఎలా చేస్తారో చెప్పు” అన్నావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నువ్వు పెట్టినవి చూశాను. “ఈ వారం ఇది. సూపర్. తప్పకుండా వినండి.” కింద లింక్. నీకు నచ్చిందని అర్థమైంది గానీ నీకేం వినిపించిందో తెలియలేదు. మీ వాళ్లు కూడా అక్కడే ఆగిపోయి ఉంటారు. వాళ్ల నలభై నిమిషాలు అడుగుతున్నావు తల్లీ. రోజంతా పని చేసి వచ్చిన మనిషికి నలభై నిమిషాలంటే మాటలు కాదు. ముందు ఎక్కడ చెవి పెట్టాలో ఒక్క చోటు చూపించు. మిగతాది వాళ్లే వింటారు.

నాకు అలా చూపించిన స్నేహితుడు ఒకడున్నాడు. అప్పట్లో నాకు జాజ్ అంటే ఒక్క ముక్క కూడా తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. వాడు ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ 1959 నాటి ‘కైండ్ ఆఫ్ బ్లూ’ క్యాసెట్ నా చేతిలో పెట్టి, అది గొప్పదనీ అనలేదు, ప్రపంచమంతా మెచ్చుకుందనీ అనలేదు. “మొదటి ట్రాక్‌లో బేస్ అనే పెద్ద తీగవాద్యం ఒక మాట అంటుంది, మిగతావాళ్లు రెండు స్వరాలతో ఊఁ కొడతారు. కథ చెబుతుంటే ఊఁ కొట్టినట్టే ఉంటుంది. ఒకటిన్నర నిమిషం దాటాక ట్రంపెట్ అందుకుంటుంది చూడు, సరిగ్గా ఆ క్షణంలో డ్రమ్మర్ సింబల్ మీద ఒక దెబ్బ వేస్తాడు. అది ఎంతసేపు మోగుతుందో విని చెప్పు” అన్నాడు. అంతే. ఆ ఒక్క దెబ్బ కోసం విన్నాను. అది మోగుతూ మోగుతూ సన్నబడి, ట్రంపెట్ కిందికి ఎప్పుడు జారిపోయిందో పట్టుకోలేకపోయాను. వెనక్కి తిప్పాను. మళ్లీ విన్నాను. ఆ రాత్రి క్యాసెట్ మొత్తం అయ్యేదాకా లేవలేదు.

నువ్వూ అలాగే రాయి. ఏ ట్రాక్, ఎన్నో నిమిషం, అక్కడ ఏం జరుగుతుంది. సంగీతం పదజాలం రావాలని లేదు. “గొంతు వణికింది”, “డ్రమ్స్ ఒక్కసారిగా ఆగిపోయాయి”, “ఎవరో పక్క గదిలో నుంచి పాడుతున్నట్టుంది” అంటే చాలు. తెలియని మాటలు ఎక్కడో చదివి పెట్టకు. చదివేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది, నీ మీద ఉన్న నమ్మకం కూడా పోతుంది.

అలా రాయాలంటే ముందు నువ్వు పూర్తిగా వినాలి. మొహమాటం లేకుండా అడుగుతున్నాను, నువ్వు పెట్టిన మూడూ చివరిదాకా విన్నావా? రెండు ట్రాకులు విని హుషారులో పెట్టేస్తే తప్పు పట్టను, ఆ వయసులో నేనూ అదే చేశాను. కానీ ఆల్బమ్ గురించి మాట్లాడాలంటే కనీసం మూడుసార్లు వినాలని మా నలుగురం ఒక మాట అనుకున్నాం. మొదటిసారి ఊరికే వినడం. రెండోసారి ఇంకే పనీ పెట్టుకోకుండా వినడం. మూడోసారి ఒకటి రెండు రోజులు ఆగి వినడం. ఆ మూడోసారే అసలు సంగతి బయటపడుతుంది. మొదట అదరగొట్టిన ట్రాక్ కొన్నిసార్లు చప్పగా తేలిపోతుంది, పట్టించుకోని ట్రాక్ మనసులో కూర్చుంటుంది.

ఆల్బమ్ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించావా? నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డుల కాలంలో ఒక వైపు మూడు నాలుగు నిమిషాలే పట్టేది. పెద్ద కచేరీ లాంటిది ఇవ్వాలంటే నాలుగైదు రికార్డులు కావాలి. వాటిని ఫోటోల ఆల్బమ్ లాగా అట్టల మధ్య కుట్టిన కవర్లలో పెట్టి అమ్మేవారు. 1948లో కొలంబియా కంపెనీ ఎల్.పి. (లాంగ్ ప్లే రికార్డు) తెచ్చాక ఒక వైపే ఇరవై నిమిషాలు దాటి పట్టింది, అట్టల పుస్తకం పోయింది, పేరు మాత్రం నిలిచింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఎల్.పి.కి రెండు వైపులు ఉండేవి, చేసేవాళ్లు ఆ రెండు వైపులనీ లెక్కలో పెట్టుకునే పాటల్ని వరసగా కూర్చేవారు. పింక్ ఫ్లాయిడ్ 1973 ఆల్బమ్ ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ విను. మొదటి వైపు మాటల్లేకుండా ఒక ఆడగొంతు ఎలుగెత్తి, అలసి, నెమ్మదిగా అణిగిపోవడంతో ముగుస్తుంది. అప్పుడు వినేవాళ్లు లేచి వెళ్లి, రికార్డు తిప్పి, సూది పెట్టాలి. పెట్టగానే చిల్లర గలగల, క్యాష్ రిజిస్టర్ చప్పుడు! మధ్యలో ఆ లేచి వెళ్లే కాసేపు మౌనం కూడా ఆల్బమ్‌లో భాగమే. ఇప్పుడు ఫోన్‌లో ఒకదాని మీద ఒకటి వచ్చి పడిపోతాయి. అందుకే పాత ఆల్బమ్ వినేటప్పుడు రెండో వైపు ఏ ట్రాక్‌తో మొదలైందో చూసుకుని, అక్కడ ఒక్క నిమిషం ఆపు. మీ వాళ్లకి కూడా చెప్పు. నలభై నిమిషాలు ఒకేసారి దొరకనివాళ్లకి “ఇవాళ మొదటి వైపు వినండి చాలు” అంటే బరువు సగం తగ్గుతుంది.

షఫుల్, అంటే పాటల వరస కలిపేసి వినడం, మాత్రం వద్దు. ఈ ఒక్క విషయంలో నేను మొండివాణ్ణి. 1967లో వచ్చిన ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ తీసుకో. శివకుమార్ శర్మ సంతూర్ (పుల్లలతో మీటే తీగవాద్యం), హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటార్. కాశ్మీరు లోయలో ఒక గొర్రెల కాపరి దినచర్యే ఆ ఆల్బమ్. తెల్లవారే వేళ అహిర్ భైరవ్ రాగంతో మొదలై, పొద్దు వాలి, రాత్రయ్యేసరికి పహాడీ రాగం దగ్గరికి వస్తుంది. షఫుల్‌లో పెడితే కాపరి నిద్రపోయాక తెల్లవారుతుంది, మధ్యాహ్నం తర్వాత మళ్లీ మధ్యాహ్నమే వస్తుంది! వరసకి విలువ ఉందని పాడేవాళ్లే పట్టుబట్టిన సందర్భాలున్నాయి. 2021 నవంబరులో గాయని అడెల్ కోరిక మీద, పాటలు వినే యాప్ స్పాటిఫై ఆల్బమ్ పేజీలో మొదట కనిపించే బటన్‌ని షఫుల్ నుంచి మామూలు ప్లేకి మార్చింది.

ఇంకో సంగతి. పేరు చెప్పడంతో సరిపోదు, ఏ రికార్డింగో కూడా చెప్పాలి. ఒక పెద్దాయన పాతకాలపు జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన ‘గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్’ వినమన్నారు, పియానో మీద గ్లెన్ గూల్డ్ వాయించింది అని కూడా చెప్పారు. నేను విన్నాను. కలిసినప్పుడు “ఎంత నిదానం, ఎంత ప్రశాంతం” అన్నారాయన. నాకు వినిపించింది గుర్రాల పరుగు! చాలాసేపు ఇద్దరం తెల్లముఖాలు వేసుకున్నాం. తీరా చూస్తే గూల్డ్ దాన్ని స్టూడియోలో రెండుసార్లు రికార్డు చేశాడు. 1955లో ఇరవై రెండేళ్ల కుర్రాడిగా చేసింది 38 నిమిషాల్లో అయిపోతుంది, 1981లో చేసింది 51 నిమిషాలు. స్వరాలు అవే, మనిషి అతనే. కాకపోతే చిన్నప్పటి దాంట్లో అన్ని భాగాలూ ఒక్కసారే వాయించుకుంటూ పోయాడు, మళ్లీ వాయించమని బాఖ్ రాసినవి వదిలేశాడు. పెద్దయ్యాక కొన్నింటిని తిరిగి పెట్టాడు, నడకా తగ్గించాడు. కాబట్టి ఏ సంవత్సరం, స్టూడియోలోదా లైవా, పాత రికార్డింగ్ అలాగే ఉన్నదా, శబ్దం మెరుగుచేసిన రీమాస్టరా, అసలు ఆల్బమా, బోనస్ ట్రాకులు అతికించినదా అన్నది ఒక్క ముక్కలో రాసెయ్. ‘కైండ్ ఆఫ్ బ్లూ’నే చూడు, మొదటి వైపు రికార్డు చేసిన మిషను స్పీడు తేడా వల్ల ఏళ్ల తరబడి శ్రుతి కొంచెం పైకి వినిపించేది. 1992లో సరిచేసి మళ్లీ విడుదల చేశారు. నా క్యాసెట్‌లో విన్న శ్రుతి నా చెవిలో ఎంత పాతుకుపోయిందంటే, సరిచేసినది మొదటిసారి విన్నప్పుడు అదే తప్పేమో అనిపించింది.

వెనక కథలు చెప్పొచ్చా అని అడిగావు. చెప్పు, కానీ సంగీతం తర్వాత చెప్పు. పియానో వాయించే కీత్ జారెట్ 1975 జనవరిలో జర్మనీలోని కొలోన్ నగరంలో చేసిన కచేరీ కథ అందరూ చెబుతారు. అడిగిన పియానో రాలేదు, బాగోలేని చిన్న పియానో దొరికింది, దాని మీదే గంటకు పైగా అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించాడు. మంచి కథే. కానీ కథ ముందు చెప్పేస్తే వినేవాళ్లు పియానోలో లోపాలు వెతుకుతారు, పాట వినరు. ఎడమ చెయ్యి ఒకే వరసని పట్టుకుని వదలకుండా తిప్పుతుంటే మీద కుడి చెయ్యి ఎలా తేలుతుందో అది చెప్పు. తర్వాత ఎప్పుడైనా మాటల్లో “ఆ పియానో సంగతి తెలుసా” అంటే అప్పుడు వాళ్లే మళ్లీ వింటారు.

స్టార్లు, పదికి ఎన్ని మార్కులు, ఇవి పెట్టొద్దని నా అభిప్రాయం. మార్కులు చూడగానే మాట అటే వెళ్తుంది, “ఎనిమిదా, నేనైతే ఆరే ఇస్తా” అని.

వారానికి ఒకటి చాలు. పది పెడితే ఎవరూ ఏదీ వినరు. ఈ మధ్య విన్నది అంటే ఈ మధ్యే విడుదలైంది అని కాదు. నువ్వు పుట్టకముందు వచ్చింది నిన్న రాత్రి మొదటిసారి విన్నావనుకో, నీకు అది కొత్తదే. పాతదని సంకోచించకు. నాలుగు వారాలుగా ఒకటే వింటుంటే అదే చెప్పు, అది మరీ మంచిది.

ఇక అసలు ముఖ్యమైనది. నీవి వినడం లేదని బాధపడ్డావు సరే, ఈ మూడు వారాల్లో నువ్వు వాళ్లవి ఎన్ని విన్నావు? ఈ మాట కోపంతో అనడం లేదు. నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. మా నలుగురిలో ఒకడు చాలా తక్కువ మాట్లాడేవాడు. ఏడాదిలో రెండో మూడో ఇచ్చేవాడు. ఒకసారి ఒక గాయని ఆల్బమ్ ఇచ్చాడు. నేను పని చేసుకుంటూ, ఫోన్ స్పీకర్‌లో, రెండు ట్రాకులు విని “ఏడుపు గొంతురా బాబూ, భరించలేను” అని అందరి ముందూ అనేశాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు వాడు ఒక్క ఆల్బమ్ పేరు కూడా చెప్పలేదు. వాళ్ల అమ్మ పోయిన రోజుల్లో రాత్రిళ్లు వింటూ గడిపిన ఆల్బమ్ అదని నాకు చాలా కాలానికి తెలిసింది. అప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొత్తం విన్నాను. ఫోన్ స్పీకర్‌లో ఏడుపులా వినిపించిన గొంతు కింద చెల్లో అనే మంద్రంగా మోగే తీగవాద్యం ఒకటి ఉంది. ఆ చిన్న స్పీకర్‌లో అది వినిపించనే లేదు. వాడింటికి వెళ్లి ఆ మాట చెప్పాను. కలిసి మళ్లీ విన్నాం.

అందుకే ఎవరైనా తమకి ఇష్టమైనది ఇస్తే, నచ్చకపోయినా మొత్తం విను. కింది స్వరాలు కూడా వినిపించే దాంట్లో విను. నచ్చకపోతే అబద్ధం ఆడొద్దు, “ఇది నాకు ఇంకా పట్టుబడలేదు, నీకు ఎక్కడ పట్టుకుంది?” అని అడుగు. వాళ్లు చెప్పే చోటికి వెళ్లి మళ్లీ విను. నీ చెవికి తెలియని దారులు అలాగే తెరుచుకుంటాయి, నా సగం సంగీతం ఈ ప్రశ్న వల్లే వచ్చింది. విన్నాక ఒక్క వాక్యమైనా తిరిగి రాయి. “నాలుగో ట్రాక్ చివర ఈల బాగుంది” అన్నా చాలు. తమది నువ్వు విన్నావని తెలిసినవాళ్లు నీది వినకుండా ఉండరు.

ఒక్క జాగ్రత్త, వాల్యూమ్. పెద్దవాళ్లకి వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, సౌండ్ పెరిగేకొద్దీ ఆ గంటలు వేగంగా తగ్గిపోతాయి. చుట్టూ గోల ఉంటే సౌండ్ పెంచకు, నిశ్శబ్దంగా ఉన్న వేళ చూసుకుని విను.

ఈ వారం నావంతు ఇక్కడే చెప్పేస్తాను. గూల్డ్, గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్, 1981 రికార్డింగ్. నాలుగోసారి వింటున్నాను. మొదట ఒక చిన్న ఆరియా, తర్వాత ముప్పై వేరియేషన్లు, చివర మళ్లీ అదే ఆరియా. 25వ దాని దగ్గర రెండుసార్లు ఆపాల్సి వచ్చింది, అంత బరువుగా ఉంది. అతను వాయిస్తూ గొంతులో ఏదో కూనిరాగం తీస్తుంటాడు, జాగ్రత్తగా వింటే పియానో వెనకాల వినిపిస్తుంది. చివరి ఆరియా వచ్చినప్పుడు ఆ కూనిరాగం ఉందో లేదో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని చెప్పు. నా చెవులు ఈ మధ్య అంత సన్నవి పట్టుకోవడం లేదు.

నువ్వు మొన్న పెట్టిన ఆల్బమ్ ఇవాళ రాత్రి మొదలుపెడుతున్నాను. ఏ ట్రాక్ దగ్గర చెవి పెట్టాలో పడుకునేలోపు మెసేజ్ పెట్టు.

ప్రేమతో,
మీ బాబాయి