వాక్యం వినేటప్పుడు నిద్రొస్తే పాపమా? (మీ ప్రశ్నలు – మా జవాబులు)

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది కావలి దగ్గర పల్లె. రొయ్యల కంపెనీలో ఒలిచే పని నాది, ఎక్కువగా నైట్ షిఫ్టే పడుతుంది. ఆదివారం పొద్దున డ్యూటీ దిగి ఇంటికొచ్చి పిల్లలకి వండిపెట్టి పది గంటలకల్లా మందిరంలో ఉంటాను, పాటలప్పుడు బానే ఉంటా గానీ వాక్యం (ప్రసంగం) మొదలయ్యేసరికి తల వాలిపోద్ది. పోయిన నెల పాస్టర్‌గారు మైకులోనే పేరు పెట్టి లేపి, నీ మీద నిద్ర ఆత్మ ఉంది, ఉపవాసముండి వదిలించుకో అన్నారు. శుక్రవారం ఆల్ నైట్ ప్రేయర్‌కి రావట్లేదని కూడా కోపం. ఒంగోలు ప్రార్థన కొండ మీదికి ఆనాటి మిషనరీ దొరలు తెల్లారకముందే ఎక్కలేదా అంటారు. అప్పట్నుంచి మందిరానికి పోవాలంటేనే భయమేస్తుంది. నాది పాపమా అండీ? – ఒక సహోదరి

జవాబు: చెల్లెమ్మా, పాపం కాదు. ముందు ఆ భయం తీసి పక్కనపెట్టు. రాత్రంతా ఐసు నీళ్లలో చేతులుపెట్టి, బూట్లు టోపీ వేసుకుని, నిలబడి నిలబడి కాళ్లు లాగేసి, వేళ్లు తెల్లగా నానిపోయిన మనిషి పొద్దున ఫ్యాను కింద కూర్చుంటే నిద్ర రాకుండా ఎట్టా ఉంటుంది? పెద్దవాళ్లకి రోజుకి కనీసం 7 గంటల నిద్ర కావాలని డాక్టర్లంటారు, నీకు అందులో సగమన్నా దొరకట్లేదు. దీనికి దయ్యాన్ని వెతకాల్సిన పనిలేదు.

బైబిల్లో వాక్యం వింటూ నిద్రపోయినోడు ఒకడున్నాడు గదా, ఐతుకు. త్రోయ అనే ఊళ్లో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంటే ఆ కుర్రోడు కిటికీలో కూర్చుని నిద్రకి తట్టుకోలేక మూడో అంతస్తు మీదనుంచి పడిపోయాడు (అపొస్తలుల కార్యాలు 20). పౌలు కిందికి దిగి, వాడి మీద పడి కౌగిలించుకున్నాడు, ప్రాణముంది కంగారుపడొద్దన్నాడు. తిట్టినట్టు ఒక్క మాట రాయలేదు, ఆ పుస్తకం రాసిన లూకా. ఏలీయా ప్రవక్త చచ్చిపోతే బాగుణ్ణని చెట్టు కింద పడుకున్నప్పుడు కూడా అంతే, దూత వచ్చి ప్రసంగం చెప్పలేదు, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టాడు, తిని మళ్లీ పడుకోనిచ్చాడు, ఆ తర్వాతే ప్రయాణం గురించి మాట్లాడాడు. తుఫానులో దోనె నిండిపోతుంటే తలగడ మీద తలపెట్టి నిద్రపోయింది మన ప్రభువే. గెత్సేమనే తోటలో శిష్యులతో ఒక్క గడియ మేలుకోలేరా అన్న మాట అందరికీ గుర్తుంటుంది గానీ, ఆ వెంటనే ఆత్మ సిద్ధమే గాని శరీరం బలహీనం అన్నాడు చూడు, అది మాత్రం మైకులో వినబడదు.

ఇక ప్రార్థన కొండ సంగతి. 1854 జనవరి 1న అమెరికా మిషనరీ జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, ఇంకొద్దిమంది తెల్లవారకముందే ఆ కొండెక్కి ఒంగోలు కోసం ప్రార్థించిన మాట నిజం, అది మన ప్రాంతానికి గొప్ప జ్ఞాపకం. అయితే ఆ ప్రార్థనకి జవాబుగా ఏమొచ్చిందో కూడా చెప్పాలి గదా. 1866లో ఇంకో మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చాక, యర్రగుంట్ల పేరయ్యగారిలాంటి వాళ్లు మాదిగపల్లెల్లో తిరుగుతూ కొత్తగా నమ్మినవాళ్లకి చెప్పింది ముఖ్యంగా మూడు సంగతులు: ఆదివారం పనికి పోవద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. అందులో ఆదివారం పని మానడం దగ్గరే ఊరి పెద్దలకి ఎక్కువ మండింది. ఎప్పుడు పిలిస్తే అప్పుడు రావాల్సిన వెట్టి మనుషులు, వారానికో రోజు మేం రాం అంటే ఊరుకుంటారా? కొట్టారు, బావుల దగ్గరికి రానివ్వలేదు, అయినా మనవాళ్లు ఆ రోజు వదులుకోలేదు. నీ దాసుడూ దాసీ కూడా నీలాగే విశ్రమించాలని ద్వితీయోపదేశకాండం 5లో ఉన్న మాట, బడికెళ్లని ఆ మనుషులకి ఒంటిమీద దెబ్బలతో అర్థమైంది.

అట్టా సంపాదించుకున్న ఆదివారాన్ని ఇవాళ మనం ఏం చేశాం? పొద్దున అయిదుకి ప్రార్థన, పదికి ఆరాధన, రెండింటికి ముగింపు, మధ్యాహ్నం యూత్, నాలుగింటికి స్త్రీల కూడిక, రాత్రికి ఎవరింట్లోనో గృహ కూడిక. వారమంతా పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర మంటకి కాపలా కాసే మగవాళ్లు, ఆకు గ్రేడింగ్‌కి పోయే ఆడవాళ్లు ఆ ఒక్క రోజూ కాసేపు నడుం వాల్చడానికి లేదు. ఇది చదివే పాస్టర్‌గార్లు దయచేసి ఆలోచించండి, మీరు కూడా అలసిపోతున్నారని నాకు తెలుసు.

ఆల్ నైట్ ప్రేయర్ తప్పని నేనను. యేసుప్రభువు పన్నెండుమందిని ఎంచుకునే ముందు రాత్రంతా ప్రార్థించాడు. కానీ డ్యూటీ ఉన్న మనిషికి అది తప్పనిసరి కాకూడదు. ఇంకో సంగతి, ప్రార్థన అయ్యాక నాలుగింటప్పుడు నిద్రమత్తుతో బైకులేసుకుని హైవే ఎక్కడం మానండి, చర్చిలోనే చాపలు పరిచి తెల్లారేదాకా పడుకోనివ్వండి.

నువ్వు చేయాల్సింది చెప్తా. ఆదివారం ఇంటికి రాగానే పడుకో, వంట పెద్దపిల్లకో మీ ఆయనకో అప్పజెప్పు, సాయంత్రం ఆరాధన ఉంటే దానికెళ్లు. డ్యూటీ చివర్లో టీ తగ్గించు. ఒకసారి రక్తం, థైరాయిడ్, షుగర్ టెస్టులు చేయించు, మన ఆడవాళ్లలో రక్తం తక్కువై నీరసం, మత్తు రావడం చాలా ఎక్కువ. గురక గట్టిగా పెడుతూ నిద్రలో ఊపిరి ఆగినట్టవుతుంటే అది కూడా డాక్టర్‌కి చెప్పు. పాస్టరమ్మగారితో ఒంటరిగా కూర్చుని నీ షిఫ్టు సంగతంతా చెప్పు. పేరు పెట్టి లేపడం మాత్రం తప్పే, ఆ మాట నేను వెనక్కి తీసుకోను.

ప్రశ్న: మా వీధిలో కూడిక రాత్రి పదకొండు దాకా మైకు పెట్టి జరుగుతుంది. పక్కింటోళ్లు పసిబిడ్డ నిద్రపోవట్లేదని గొడవ చేస్తున్నారు. ఇది మన విశ్వాసానికి శ్రమ అనుకుని ఓర్చుకోవాలా? – నెల్లూరు నుంచి ఒక యువకుడు

జవాబు: శ్రమ వాళ్లది తమ్ముడూ. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట మైకులు పెట్టకూడదు, అది గుడికైనా మసీదుకైనా మనకైనా ఒకటే. తొమ్మిదిన్నరకల్లా మైకు కట్టేయండి, తర్వాత తలుపులేసుకుని మామూలు గొంతుతో ప్రార్థన చేసుకోండి. రేపు పెద్దలిద్దరు ఆ ఇంటికెళ్లి క్షమించమని అడిగి, బాలింతకి ఏమన్నా కావాలేమో కనుక్కుని రండి.